దొంగలు వస్తే ఓడలో ఉన్నవాళ్లను కాపాడేదెవరు?

కంచిలి దగ్గరి ఊరి నుంచి ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. తమ్ముడు సరుకు ఓడలో ఓఎస్‌గా (ఆర్డినరీ సీమన్, డెక్కు మీద మొదటి మెట్టు ఉద్యోగం) చేరబోతున్నాడు, ఓడ యెమెన్, సొమాలియాల మధ్య ఉన్న గల్ఫ్ ఆఫ్ ఏడెన్ మీదుగా పోతుందని తెలిసింది, సముద్రపు దొంగలు వస్తే ఓడలో వాళ్లను ఎవరు కాపాడతారు, అమ్మ పంపనంటోంది, ఆమెకు ఏమి చెప్పాలి అని అడిగారు. మాది బారువ వైపు వేటకు పోయే కుటుంబం. నేను 2004లో ఓఎస్‌గా చేరి, ఏబీగా (అనుభవం ఉన్న నావికుడు), తరువాత బోసన్‌గా (డెక్కు మీది పనివాళ్ల పెద్ద) పనిచేసి, రెండేళ్ల కిందట దిగి ఇంటికి వచ్చేశాను. ఆ దారిలో ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు కాబట్టి, చూసినదీ చేసినదీ చెబుతాను.

మొదటి అరగంటలో ఎవరూ రారు. ఆ అరగంట ఓడలో ఉన్న ఇరవై మందిదే. నౌకాదళాలు వస్తాయి, ఈ మధ్య మన నౌకాదళం చాలాసార్లు వచ్చింది కూడా. కానీ యుద్ధనౌక మీ ఓడకు వంద మైళ్ల దూరంలోనే ఉన్నా, ఎంత వేగంగా వచ్చినా మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకని ఓడ మీద చేసే ఏర్పాట్లన్నీ కాలాన్ని సాగదీయడానికే. దొంగ ఎక్కడం ఆలస్యం కావాలి, ఎక్కినా మనుషులు వాడి చేతికి చిక్కడం ఇంకా ఆలస్యం కావాలి. తుపాకుల కథలు విని వచ్చినవాళ్లకు ఇది చప్పగా తోచవచ్చు.

లెక్క చూడండి. సరుకు నిండిన బల్క్ క్యారియర్, అంటే బొగ్గు, ధాన్యం లాంటివి గుట్టగా పోసుకుని పోయే ఓడ, 13 నాట్ల వేగంతో పోతుందనుకుందాం; నాట్ అంటే గంటకు ఒక సముద్రపు మైలు. దొంగల చిన్న పడవ, మేము స్కిఫ్ అంటాం, 25 నాట్లతో వెనక నుంచి తరుముతుంటే, మధ్య దూరం గంటకు 12 మైళ్ల చొప్పున తరుగుతుంది. మూడు మైళ్ల దూరంలో కనిపెడితే పావుగంట చేతిలో ఉంటుంది. ఒక మైలు దగ్గరకు వచ్చాక కనిపెడితే అయిదు నిమిషాలే. ఆ చిన్న పడవ రాడార్‌లో సరిగా పడదు, అలల మధ్య మచ్చలా వచ్చి పోతుంటుంది. కాబట్టి పావుగంటా అయిదు నిమిషాలా అన్నది తేల్చేవి, బ్రిడ్జి, అంటే ఓడను నడిపే పై గది, దాని పక్క రెక్క మీద దుర్భిణి పట్టుకుని నిలబడ్డ కుర్రాడి కళ్లే. మీ తమ్ముడికి అక్కడ మొదట అప్పగించే పని అదే అవుతుంది.

2011 నవంబరులో నాకు ఎదురైన సంగతి చెబుతాను. వానాకాలపు అలలు తగ్గి సముద్రం తేటపడే ఆ నెలల్లోనే దొంగలు మళ్లీ బయలుదేరుతారు. నేను తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది వరకు ఉండే కాపలా వంతులో (వాచ్ అంటాం) చీఫ్ ఆఫీసరుతో ఉన్నాను. తెల్లవారి ఇంకా పొద్దు పైకి రాలేదు. ఓడ వెనక కుడి పక్కన ఒక పడవ కనిపించింది. ఆ నీళ్లలో యెమెన్, ఒమన్ వేటపడవలు ఎప్పుడూ ఉంటాయి, కనబడిన ప్రతి పడవకూ గంట కొడితే ఓడలో ఎవరూ నిద్రపోరు. నేను పుట్టినప్పటి నుంచి చూసినవి పడవలే కనుక నా చూపు ముందు వల మీదికి పోయింది. వేటకు వచ్చినవాడి పడవలో వల కుప్ప ఉంటుంది, ఐసు పెట్టె ఉంటుంది, బొయ్యలకు కట్టే జెండా కర్రలు నిలబడి ఉంటాయి, మనుషుల చూపు నీళ్ల మీద ఉంటుంది. ఈ పడవలో అవేమీ లేవు. అయిదారుగురు కిందికి వంగి కూర్చున్నారు, వెనక రెండు ఇంజన్లు ఉన్నాయి, అందరి ముఖాలూ మా వైపే ఉన్నాయి. మధ్యలో నీలం టార్పాలిన్ కింద పొడుగాటిది ఏదో ఉంది. గాలికి ఆ పట్టా మూల లేచినప్పుడు నిచ్చెన మెట్లు, దాని చివర వంచిన ఇనుప కొక్కెం కనబడ్డాయి. చేపలు పట్టేవాడికి నిచ్చెనతో పనేమిటి? "సార్, వల లేదు, నిచ్చెన ఉంది" అన్నాను. ఆయన రెండో మాట అడగకుండా అలారం నొక్కారు. అప్పటికి దూరం రెండున్నర మైళ్లు.

తరువాత జరిగింది సినిమాలో చూపించేలా లేదు. కెప్టెన్ పైకి వచ్చి ఇంజనును పూర్తి వేగానికి పెట్టించి, ఓడను కొంచెం ఎడమకు, కొంచెం కుడికి తిప్పమన్నారు. పెద్ద ఓడ అలా ఊగుతూ పోతే దాని పక్కన లేచే అలకు చిన్న పడవ ఆనుకుని నిలవలేదు, నిచ్చెన తగిలించడం కష్టమవుతుంది. మరీ గట్టిగా తిప్పితే మన వేగమే పడిపోతుంది, కాబట్టి అది చేయి తిరిగినవాళ్లు చేయవలసిన పని. ఫైర్ పంపులు నడిపించి ఓడ చుట్టూ గొట్టాల నుంచి నీళ్లు చిమ్మించారు. ఆ దారిలో పోయే ఓడల నుంచి ఇలాంటి కబుర్లు అందుకునే, దుబాయిలోని బ్రిటన్ కేంద్రం యూకేఎంటీఓకు ఫోను చేసి ఓడ ఉన్న చోటు, దిశ, వేగం చెప్పారు. ఆ పడవ అర మైలు వరకు వచ్చి, ఇరవై నిమిషాలు మా వెనకే నడిచి, నెమ్మదిగా వెనకబడిపోయింది. ఒక్క తూటా పేలలేదు. మమ్మల్ని వదిలి ఇంకో ఓడను వెతుక్కున్నారని నా నమ్మకం. ఆ రోజుల్లో మా చేతిలో ఉండే బీఎంపీ అనే మార్గదర్శక పుస్తకం, 18 నాట్లకు మించిన వేగంతో పోయే ఓడ మీదికి దొంగలు ఎక్కిన సంగతి నమోదు కాలేదని చెప్పేది. మా ఓడకు అంత వేగం ఏనాడూ లేదు. మమ్మల్ని కాపాడింది ముందుగా కనిపెట్టడమే.

ఓడ మీద చేసే రక్షణ ఏర్పాట్ల విషయానికి వస్తే, నీటి మట్టానికీ డెక్కుకూ మధ్య ఎత్తు, అంటే ఫ్రీబోర్డు, ఎంత ఎక్కువైతే అంత మంచిది. సరుకు నిండుగా ఉన్న ట్యాంకరు, బల్క్ క్యారియరు నీటిలోకి దిగి ఉంటాయి కాబట్టి ఎక్కడం తేలిక; కంటైనర్ ఓడ గోడలా నిలబడుతుంది, పైగా వేగంగా పోతుంది. తక్కువ ఎత్తు ఉన్న చోట, ముఖ్యంగా వెనక భాగాన, బ్లేడు తీగ చుట్టలు కడతారు. ఆ కట్టే పని బోసన్‌ది, అతని కింది కుర్రాళ్లది. తోలు చేతిమోజాలు వేసుకున్నా ముంజేతుల మీద గీతలు పడకుండా ఆ పని ఎవరూ ముగించలేదు. నా ఎడమ చేతి మీద ఇప్పటికీ మూడు గీతలు ఉన్నాయి. ఒకే వరస చుట్ట కట్టి ఫొటో తీసి పంపమనే కంపెనీలు ఉన్నాయి, రెండు మూడు వరసలు కట్టి లోపల ఉక్కు తాడు గుచ్చి రెయిలింగుకు బిగించమనే కంపెనీలూ ఉన్నాయి. మొదటి రకం తీగను కొక్కెంతో పట్టి లాగితే ఊడి వస్తుంది. పాత బాయిలర్ సూట్లలో గుడ్డపీలికలు కుక్కి, తలకు హెల్మెట్ పెట్టి, డెక్కు మీద అక్కడక్కడ నిలబెట్టి మనుషులు ఎక్కువగా ఉన్నట్టు భ్రమ కల్పిస్తాం. మన పొలాల్లో దిష్టిబొమ్మ లాంటిదే.

ఇంత చేసినా ఎక్కితే మిగిలేది సిటడెల్. ఓడ లోపల, ఎక్కువగా ఇంజన్ రూములోనో స్టీరింగ్ గేర్ రూములోనో, లోపలి నుంచి గడియ పడే ఉక్కు తలుపులతో, నీళ్లు, తిండి, మందులు, బయటికి మాట్లాడే సాధనం పెట్టుకుని అందరూ దాక్కునే చోటు అది. దీని నియమం కఠినమైనది: ఒక్కరు బయట మిగిలినా సిటడెల్‌కు అర్థం లేదు. దొంగ చేతిలో ఒక్క మనిషి ఉంటే, ఆ ఒక్కడి మెడ మీద తుపాకీ పెట్టి మిగతా వాళ్లతో తలుపు తీయిస్తాడు. లోపల అందరూ ఉన్నారనీ, వాళ్లతో మాట్లాడగలుగుతున్నామనీ తెలిస్తేనే నౌకాదళం కూడా ఓడ మీదికి సైనికులను దించే ఆలోచన చేస్తుంది.

నేను చెప్పిన ఆ ఉదయం బ్రిడ్జి మీద ఉండవలసినవాళ్లు తప్ప తక్కినవాళ్లంతా కిందికి దిగారు. సెకండ్ ఇంజనీరు తలలు లెక్కపెడితే ఒకటి తక్కువ వచ్చింది. మళ్లీ లెక్కపెట్టారు, మళ్లీ తక్కువే. రేడియోలో ఆ మాట వినగానే కెప్టెన్ ముఖం మారింది. ఎదురుగా పడవను చూసినప్పుడు కూడా ఆయన అలా కాలేదు. భోజనశాలలో పనిచేసే మెస్‌మన్ కుర్రాడు ఫోను కోసం క్యాబిన్‌కు వెళ్లాడు. కొత్తగా పెళ్లయినవాడు, ఫోనులో భార్య ఫొటోలు ఉన్నాయట. నాలుగు నిమిషాల తరువాత రొప్పుతూ వచ్చాడు. దొంగలు అప్పటికే డెక్కు మీద ఉండి ఉంటే ఆ నాలుగు నిమిషాల వల్ల ఇరవై రెండు మందిమీ చిక్కిపోయేవాళ్లం. ఎవరూ వాణ్ణి తిట్టలేదు, కానీ ఆ వారంలో మూడుసార్లు డ్రిల్లు చేయించారు. మూడోసారి అలారం మోగినప్పుడు ఆ కుర్రాడే అందరికంటే ముందు తలుపు దగ్గర ఉన్నాడు. మీ తమ్ముడికి ఈ ఒక్క సంగతి చెప్పండి: అలారం మోగితే పాస్‌పోర్టు వద్దు, ఫోను వద్దు, తలుపు వైపే పోవాలి.

సిటడెల్ పనిచేస్తుందనడానికి 2024 జనవరిలో లీలా నార్ఫోక్ ఓడ సాక్ష్యం. సొమాలియా తీరానికి దూరంగా ఆయుధాలతో మనుషులు ఎక్కగానే, 15 మంది భారతీయులతో సహా 21 మంది సిబ్బంది లోపల దాక్కున్నారు. ఐఎన్ఎస్ చెన్నై నుంచి మన నౌకాదళపు మార్కోస్ కమాండోలు ఎక్కి చూసేసరికి దొంగలు ఓడ వదిలి పోయారు, లోపలివాళ్లు క్షేమంగా బయటికి వచ్చారు. దొంగలు చేజిక్కించుకున్న ఓడ సంగతి వేరు. 2023 డిసెంబరులో హైజాక్ అయిన రుయెన్ ఓడను మూడు నెలలు వాళ్లే నడిపారు, 2024 మార్చి 16న ఐఎన్ఎస్ కోల్‌కతా నలభై గంటల ప్రయత్నం తరువాత 17 మంది సిబ్బందిని విడిపించింది, 35 మంది దొంగలు లొంగిపోయారు. వాళ్లను ముంబయికి తెచ్చి కేసు పెట్టడానికి 2022 నాటి సముద్ర దోపిడీ నిరోధక చట్టం పనికి వచ్చింది. అంతకుముందు మన దగ్గర ఈ నేరానికి ప్రత్యేక చట్టమే లేదు.

మరి తుపాకీ కాపలా ఉండదా అంటే ఉంటుంది. భారత జెండా ఓడలకు, అంటే మన దేశంలో నమోదైనవాటికి, సాయుధ కాపలాదారులను పెట్టుకునే వీలును ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ కార్యాలయం డీజీ షిప్పింగ్ 2011లో కల్పించింది. ఇతర దేశాల జెండా ఓడల్లోనూ ముగ్గురు నలుగురు మాజీ సైనికులు ఎక్కుతారు, ప్రమాదపు నీళ్లు దాటాక దిగిపోతారు. వాళ్లు ఉన్న రాత్రి నిద్ర బాగా పడుతుందన్నది నిజం. అయినా, వేటపడవ ఎక్కి పెరిగినవాణ్ణి కాబట్టి, ఆ తుపాకీ అంటే నాకు రెండు రకాల భయం ఉంది. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి అవతల ఎన్రికా లెక్సీ అనే ఇటలీ ట్యాంకరు మీద కాపలా ఉన్న ఆ దేశపు సైనికులు దొంగలనుకుని కాల్చితే, సెయింట్ ఆంటోనీ అనే పడవలోని ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. తొమ్మిదేళ్లకు, 2021లో, ఇటలీ ఇచ్చిన 10 కోట్ల రూపాయల పరిహారంతో సుప్రీంకోర్టు ఆ కేసు ముగించింది. ఆ కాలంలో, దొంగల ప్రమాదం ఉన్న నీళ్లని మ్యాపులో చూపే గీతను 78 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు, అంటే కేరళ తీరం దాకా గీసేశారు. ఆ గీత లోపల ఓడ వాళ్లకు ప్రతి పడవా దొంగ పడవలాగే కనబడేది. 2015 డిసెంబరులో దాన్ని 65 డిగ్రీలకు వెనక్కి జరిపారు, 2023 జనవరి 1 నుంచి మొత్తంగా తీసేశారు. తీసేసిన ఏడాది చివరిలోనే రుయెన్ దొంగల చేతికి చిక్కింది. వలకూ నిచ్చెనకూ తేడా తెలిసిన మనిషి బ్రిడ్జి మీద ఉంటే, కాల్చవలసిన చోట ఆలస్యం జరగదు, కాల్చకూడని చోట ప్రాణం పోదు.

అన్ని నీళ్లలోనూ ఒకే రకం దొంగలు ఉండరు. సింగపూరు జలసంధిలో రాత్రిపూట చప్పుడు చేయకుండా ఎక్కి ఇంజన్ విడిభాగాలు దొంగిలించి పోతారు; అక్కడ ఎదురుపడకుండా ఉండటమే క్షేమం. పశ్చిమ ఆఫ్రికాలోని గినియా సింధుశాఖలో ఓడ అక్కరలేదు, మనుషులనే ఎత్తుకుపోతారు. 2020లో ప్రపంచమంతటా ఓడల నుంచి అపహరణకు గురైన 135 మందిలో 130 మందిని ఎత్తుకుపోయింది అక్కడే. ఇప్పుడు బాగా తగ్గింది.

మీ అమ్మగారి భయానికి అసలు కారణం దొంగలు కాకపోవచ్చు, టీవీలో చూసిన క్షిపణులు కావచ్చు. అది పూర్తిగా వేరే సంగతి, అక్కడ నేను ధైర్యం చెప్పలేను. 2023 నవంబరు 19న ఎర్ర సముద్రంలో యెమెన్‌కు చెందిన సాయుధ దళం హూతీలు హెలికాప్టరులో వచ్చి గెలాక్సీ లీడర్ ఓడ డెక్కు మీదే దిగారు. ఎత్తయిన గోడ, బ్లేడు తీగ ఏం చేస్తాయి? దానిలోని 25 మంది 2025 జనవరి 22 వరకు, పద్నాలుగు నెలలు బందీలుగా ఉన్నారు. 2024 మార్చి 6న ట్రూ కాన్ఫిడెన్స్ మీద పడిన క్షిపణికి ముగ్గురు నావికులు చనిపోయారు, మిగిలినవాళ్లను ఐఎన్ఎస్ కోల్‌కతా రక్షించింది. అంతకుముందు జనవరిలో 22 మంది భారతీయులున్న మార్లిన్ లువాండా ట్యాంకరు తగలబడుతుంటే, మన విశాఖ పేరు పెట్టుకున్న ఐఎన్ఎస్ విశాఖపట్నం నుంచి వెళ్లినవాళ్లు సిబ్బందితో కలిసి మంట ఆర్పారు. క్షిపణి ముందు, దుర్భిణితో కాపలా కాసే మనిషి చేయగలిగినది తక్కువ. ఓడ మరో దారిలో, ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవడం ఒక్కటే నిజమైన రక్షణ. ఆ నిర్ణయం కంపెనీది.

అయితే నావికుడికి ఒక హక్కు ఉంది, దాన్ని మన కుర్రాళ్లలో సగం మంది ఎరగరు. నావికుల అంతర్జాతీయ కార్మిక సంఘాల ఒప్పందాల కింద ఉన్న ఓడ, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన నీళ్లలోకి పోతుంటే, నేను రాను అని చెప్పవచ్చు. కంపెనీ తన ఖర్చుతో ఇంటికి పంపాలి. పోవడానికి ఒప్పుకుంటే ఆ రోజులకు మూల వేతనానికి సమానమైన బోనసు, ప్రాణానికో అవయవానికో హాని జరిగితే రెట్టింపు పరిహారం ఇవ్వాలి. దొంగల చేతిలో బందీ అయినా ఒప్పందం ఆగిపోదనీ, జీతం ఇంటికి వస్తూనే ఉండాలనీ 2020 డిసెంబరు 26 నుంచి అమలులో ఉన్న సముద్ర కార్మిక ఒడంబడిక సవరణ చెబుతుంది. ఇవన్నీ కాగితం సరిగా ఉన్నవాడికే వర్తిస్తాయి. మా దూరపు బంధువుల అబ్బాయి ఒకడు లైసెన్సు లేని ఏజెంటుకు లక్షలు కట్టి, డీజీ షిప్పింగ్ రికార్డులో ఎక్కని ఒప్పందంతో ఒక పాత ఓడ ఎక్కాడు. దొంగలు రాకుండానే ఎనిమిది నెలలు జీతం లేకుండా లంగరు మీద ఉండిపోయాడు. ఎవరిని అడగాలో వాళ్ల నాన్నకు తెలియలేదు, ఏజెంటు ఫోను ఎత్తలేదు.

బందీలుగా చిక్కితే ఇంటివాళ్ల ఎదురుచూపు ఏళ్ల తరబడి కూడా సాగవచ్చు. 2010 సెప్టెంబరులో చిక్కిన యాస్ఫాల్ట్ వెంచర్ ఓడను డబ్బు తీసుకుని 2011లో వదిలినా, మన నౌకాదళం పట్టుకున్న తమవాళ్లను విడిచిపెట్టాలన్న పట్టుతో ఏడుగురు భారతీయులను ఆపేశారు. వాళ్లు 2014 అక్టోబరు చివరికి గాని విడుదల కాలేదు. నాలుగేళ్లు. గుజరాత్ బోట్ల మీద వేటకు పోయి 2018లో పాకిస్తాన్‌కు చిక్కిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల ఇళ్లలో పద్నాలుగు నెలలు ఎలా గడిచాయో చూసినవాళ్లకు, నాలుగేళ్లంటే ఏమిటో విడిగా చెప్పనక్కరలేదు. దొంగలు బందీలతో ఇంటికి ఫోను చేయించి ఏడిపిస్తారు, విలేకరుల దగ్గరికి పొమ్మంటారు. అది బేరం పెంచడానికి. అలాంటి ఫోను వస్తే మాట రాసుకుని కంపెనీకీ డీజీ షిప్పింగ్‌కూ చెప్పాలి, డబ్బు గురించి ఇంటివాళ్లు ఏ మాటా ఇవ్వకూడదు. ఓడ ఎక్కడుందో, ఎటు పోతుందో తమ్ముడు గాని మీరు గాని ఫేస్‌బుక్కులో పెట్టకండి. నేను ఆ నీళ్లలోకి పోయే ముందు "పది రోజులు సిగ్నల్ ఉండదు" అని మాత్రం ఇంట్లో చెప్పేవాణ్ణి. మా అమ్మ గంగమ్మకు ముడుపు కట్టి, పదకొండో రోజు ఫోను పక్కనే కూర్చునేది.

కాబట్టి పంపాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చకండి. ముందు ఏజెంటు కంపెనీకి నావికులను ఉద్యోగాల్లో పెట్టే ఆర్పీఎస్ఎల్ లైసెన్సు ఉందో లేదో డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో చూడండి, తమ్ముడి ఇండోస్ నంబరు (ప్రభుత్వ రికార్డులో నావికుడికి ఇచ్చే నంబరు) మీద ఒప్పందం ఎక్కుతుందో లేదో అడగండి. తరువాత ఓడ పేరు, ఐఎంఓ నంబరు (ఓడకు ఇచ్చే గుర్తింపు నంబరు), ఏ దేశపు జెండా, ఏ రకం సరుకు, సంఘంతో వేతన ఒప్పందం ఉందా, యుద్ధ ప్రాంతం గురించి కాగితంలో ఏమి రాశారు అన్నవి రాయించి తీసుకోండి. ఓడ పేరు, నంబరు బయటపెట్టకుండా, మిగతా వివరాలు ఇక్కడ రాస్తే ఆ కాగితంలో దేనికి సంతకం పెట్టవచ్చో, దేనికి కూడదో చెప్పగలను. సిటడెల్ తలుపు సంగతి మాత్రం ఎక్కిన మొదటి రోజే బోసన్‌ను అడిగి, తమ్ముడు స్వయంగా వెళ్లి ఒకసారి గడియ వేసి తీసి చూసుకోవాలి.